చేతిలో డబ్బు ఆడని ఏడాది క్రిస్మస్ ఎలా చేసుకోవాలి

నవంబరు ఆఖరు వారం వచ్చిందంటే చర్చి సంఘంలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు: "ఈసారి చేతిలో ఏమీ లేదండీ, పండుగ ఎలా?" ధాన్యం తోలినా డబ్బు పడని కౌలు రైతు అడుగుతాడు. ఆసుపత్రి బిల్లుతో గాజులు తాకట్టులోకి వెళ్లినావిడ అడుగుతుంది. హైదరాబాదులో ఉద్యోగం పోయి, ఆ సంగతి ఊళ్లో ఇంకా చెప్పని కుర్రాడు ఫోన్ చేసి అడుగుతాడు. 2023లో మిచాంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది. పండుగకు అప్పటికి ఇరవై రోజులే ఉంది. ఆ ఏడాది అడగనివాళ్లే తక్కువ.

అడిగేది డబ్బు గురించే అయినా, వెనకాల ఇంకో ప్రశ్న ఉంటుంది. "దేవుడు మమ్మల్ని మర్చిపోయాడా?" అన్నది పైకి అనలేక పండుగ ఖర్చు మాట ఎత్తుతారు. అందుకే ఇందులో రెండూ కలిపే రాస్తున్నాను. లెక్క తేల్చకుండా ప్రార్థనలో కూర్చుంటే మనసు నిలవదు. ఒక్క లెక్కే తేల్చుకుని ఊరుకుంటే పండుగనాడు గుడిలో పాట నోటికి రాదు.

నా మాట ముందే చెప్పేస్తాను: అప్పు చేసి పండుగ చేయొద్దు, అలాగని పండుగ మానుకోవద్దు. ఈ రెంటి మధ్యా చేయగలిగింది చాలా ఉంది.

కావలసినవి

ఒక నోటు పుస్తకం, పెన్ను. బైబిలు. అప్పుల కాగితాలు, ఈఎంఐ తేదీలు, డ్వాక్రా పుస్తకం అన్నీ ఒకచోట. పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలిద్దరూ కూర్చోవడానికి అరగంట. నిజం చెప్పినా ఊళ్లో చాటింపు వేయని మనిషి ఒకరు. ఈ ఆఖరుది దొరకడమే కష్టం. దాని సంగతి ఏడో మెట్టులో చెప్తాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి? డిసెంబరు మొదటి వారం మంచిది. సీఎస్ఐ, లూథరన్, కథోలిక సంఘాల్లో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం పాటిస్తారు కాబట్టి మొదటి ఆదివారం రాత్రి కూర్చోండి. ఇవాళ డిసెంబరు 22 అయితే మొదటి రెండు మెట్లూ ఈ రాత్రే పూర్తి చేయండి.

1. పండుగ సొమ్ము ఎంతో అంకె వేయండి

"ఈసారి తక్కువలో కానిద్దాం" అనుకుంటే కుదరదు. తక్కువ అంటే ఎంతో రాయాలి. చేతిలో ఉన్నది, డిసెంబరులో ఖాయంగా వచ్చేది కలపండి. రావచ్చు అనుకున్నది కలపొద్దు. అందులోంచి జనవరి 5 వరకు తప్పనివన్నీ తీసేయండి.

ఒక ఇంటి లెక్క ఇలా ఉందనుకుందాం. ఉన్నది, వచ్చేది కలిపి 11,400. అద్దె 4,000, బియ్యం సరుకులు 2,500, గ్యాస్ 900, డ్వాక్రా కంతు 1,500, స్కూలు ఆటో 700. మొత్తం 9,600 పోతే 1,800 మిగిలింది. జ్వరానికీ మందులకూ 300 పక్కన పెడితే పండుగ సొమ్ము 1,500. ఇదీ అంకె. దీన్ని పేజీ పైన పెద్దగా రాసి, కింద పంచండి: పిల్లలిద్దరికీ చెరో జత బట్టలు కలిపి 600, పండుగనాటి కూర 350, పిండివంట 250, నక్షత్రానికి 100, కానుక 100, ఇంటింటికీ పాడుతూ వచ్చే క్యారల్స్ వాళ్లకు టీ 50. ఇంకా 50 మిగిలింది.

మీ అంకె 300 రావచ్చు. సున్నా కూడా రావచ్చు. సున్నా వస్తే పుస్తకం మూసేయకండి. కింద చెప్పేవాటిలో సగానికి పైసా అక్కర్లేదు.

హెచ్చరిక: ఈ మెట్టు దగ్గరే చాలామంది జారిపోతారు. "ఒక్క పదివేలు తెస్తే గౌరవంగా గడిచిపోతుంది" అనిపిస్తుంది. నూటికి ఐదు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే నెలకు 500, ఏడాది తిరిగేసరికి వడ్డీయే 6,000. అసలు అలాగే ఉంటుంది. మూడు రూపాయల వడ్డీ అయినా ఏడాదికి 3,600. వచ్చే క్రిస్మస్‌కు బట్టల డబ్బు ఈ క్రిస్మస్ వడ్డీలోకి పోయినట్టే.

లోన్ యాప్ జోలికి అసలు వెళ్లకండి. ఇప్పటికే తీసుకుని ఉంటే ఒకటి తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, మీ బంధువుల్నీ స్నేహితుల్నీ వేధించకూడదు. ఫొటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, భయపడి డిలీట్ చేయకండి.

తప్పనిసరిగా అప్పు తేవాల్సి వస్తే అది మందులకో ఫీజుకో అయి ఉండాలి, అదీ మీ డ్వాక్రా సంఘం పొదుపులోంచి అయితే మేలు. బిర్యానీకీ చీరకీ అప్పు వద్దు. ప్రభుత్వం పండుగ కానుక ఇచ్చిన ఏళ్లు ఉన్నాయి, ఇవ్వని ఏళ్లూ ఉన్నాయి. వస్తే సంతోషం, లెక్కలో మాత్రం వేసుకోకండి.

2. ఇంట్లో నిజం చెప్పండి

ముందు భార్యాభర్తలు ఒక మాట మీదకు రావాలి. ఒకరు లేదంటుంటే ఇంకొకరు చాటుగా వాయిదాల మీద చీర తెస్తే 24 రాత్రి పెద్ద గొడవ అవుతుంది. పండుగ ముందు రాత్రి గొడవలు చాలా ఇళ్లలో ఇలాగే మొదలవుతాయి.

తర్వాత పిల్లలకు చెప్పండి. ఐదారేళ్ల పిల్లలకు లెక్కలు అక్కర్లేదు, ఈసారి ఏమేం ఉంటాయో చెబితే చాలు. "నక్షత్రం మనమే చేద్దాం, చికెన్ వండుకుందాం, నీకు కొత్త గౌను, అన్నకు చొక్కా." లేనివాటి జాబితా చదవొద్దు. పదేళ్లు దాటిన పిల్లలకు అంకె చూపించండి. నోటు పుస్తకం వాళ్ల ముందు పెట్టి, "మన దగ్గర ఇంత ఉందమ్మా, ఎలా పంచుదాం చెప్పు" అనండి. పెద్దపిల్ల తనంతట తనే "నాకు పోయినేటి డ్రస్ ఉందిగా, తమ్ముడికి కొనండి" అనవచ్చు. అలా అన్నా మీరు వెంటనే ఒప్పేసుకోకండి. చిన్న రిబ్బనో, గాజులో తనకీ ఒకటి ఉండాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు: "దేవుడు ఈసారి మనకి ఇవ్వలేదు నాన్నా" అనడం. మనం ఊరికే అనేస్తాం. పిల్లాడు మాత్రం పక్కింటివాళ్లకి ఇచ్చాడు, మనకి ఇవ్వలేదు, మనం ఏదో తప్పు చేశాం అని లెక్క కడతాడు. "నాన్నకు ఈ రెండు నెలలు పని దొరకలేదు" అని ఉన్న కారణమే చెప్పండి. కారణం తెలిస్తే పిల్లలు తట్టుకుంటారు.

సరిగ్గా చెప్పారో లేదో చూసుకోవడం తేలిక. రెండు రోజుల తర్వాత పిల్లలు మళ్లీ ఏదో ఒకటి అడిగారంటే భయం లేదు. అడగడమే మానేసి మీ మొహం చూస్తూ తిరుగుతున్నారంటే బరువు వాళ్ల మీద ఎక్కువ పెట్టారని. ఇంకోసారి కూర్చుని మాట్లాడండి.

3. రాత్రి పది నిమిషాలు: ఏం చదవాలి, ఎలా ప్రార్థించాలి

లూకా సువార్త రెండో అధ్యాయం మనందరికీ వచ్చినట్టే ఉంటుంది. సత్రం, పశువుల తొట్టి, గొర్రెల కాపరులు అయ్యాక పుస్తకం మూసేస్తాం. ఈసారి 24వ వచనం దాకా చదవండి. బిడ్డను దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు మరియ, యోసేపు ఇచ్చింది రెండు పక్షుల అర్పణ. ఇప్పుడు లేవీయకాండము 12వ అధ్యాయం ఆఖరి వచనం తీయండి. గొర్రెపిల్ల తేలేని పేదవాళ్లు రెండు పక్షులు తెచ్చినా చాలని అక్కడ రాసి ఉంది. అంటే ప్రభువు తల్లిదండ్రులు గుడిలో అందరి ఎదుట పేదవాళ్ల కానుకే పట్టుకుని నిలబడ్డారు. మత్తయి రెండో అధ్యాయంలో ఆ కుటుంబం రాత్రికి రాత్రే ఊరు విడిచి ఐగుప్తుకు పారిపోయింది. గల్ఫ్‌లో ఇరుక్కున్న మనిషి ఉన్న ఇంట్లో ఆ భాగం చదివితే ఎవరూ వివరించక్కర్లేదు.

వారానికి ఇలా పెట్టుకోవచ్చు: మొదటి వారం లూకా 1, రెండో వారం లూకా 2, మూడో వారం మత్తయి 1, 2. నాలుగో వారం 13వ కీర్తన, హబక్కూకు 3వ అధ్యాయం చివరి మూడు వచనాలు. పదమూడో కీర్తన "ఎంతకాలం" అని నాలుగుసార్లు అడుగుతుంది. దేవుణ్ణి అలా అడగడం అవిశ్వాసం అని ఎవరైనా మీతో అంటే ఆ కీర్తన చూపించండి. 88వ కీర్తనైతే చీకటి మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు మాట రాకుండానే. అది కూడా బైబిల్లోనే ఉంది. హబక్కూకు అయితే పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, శాలలో పశువులు లేవు అని ఒక్కొక్కటే లెక్క చెప్పి, అయినా నేను ఆనందిస్తాను అంటాడు. లేనివాటిని దాచిపెట్టి ఆనందం నటించలేదు, ముందు జాబితా చదివాడు.

మీరూ అలాగే చేయండి. ప్రార్థనలో అంకె చెప్పండి. "ప్రభువా, మా ఆర్థిక ఇబ్బందులు తొలగించు" అంటే అది ఎవరి ప్రార్థనైనా కావచ్చు. "పదో తారీకు కట్టాల్సిన 3,200 గురించి నాకు నిద్ర పట్టడం లేదు" అనండి. సిగ్గుగా ఉంటుంది. దేవుడి ముందు కూడా గౌరవం కాపాడుకోవాలని చూస్తాం మనం, అదేం అలవాటో!

ప్రార్థన రాకపోతే? పాత కీర్తన ఒకటి పాడండి, చిన్నప్పుడు అమ్మ పాడినది. పాటా రాకపోతే చదివి ఊరికే కూర్చోండి. పది నిమిషాలు అయ్యాక లేవండి. గంటన్నర కన్నీటి ప్రార్థన ఒకరోజు చేసి వారం మానేయడం కన్నా ఇది నయం.

ఇక్కడ జరిగే తప్పు: బేరం. "ఈ నెలాఖరుకు ఉద్యోగం వస్తే నువ్వు ఉన్నట్టు" అని తేదీ పెట్టడం. తేదీ దాటితే డబ్బుతో పాటు విశ్వాసమూ పోయిందనుకుంటారు. అడగండి, గట్టిగా అడగండి, గడువు మాత్రం పెట్టకండి. అలాగే 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏటికని తీసే వాగ్దాన కార్డు, అంటే బైబిలు వచనం రాసిన చీటీ. మంచి మాట వస్తే సంతోషంగా దాచుకోండి, అదేదో లాటరీ టికెట్టయినట్టు దాన్ని నమ్మి కొత్త అప్పు మాత్రం చేయకండి.

4. నక్షత్రం ఇంట్లోనే చేయండి

కొన్నది పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో చేస్తే ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా పిల్లలు మీ చుట్టూ ఉంటారు. అందుకే దీనికి ఒక మెట్టు మొత్తం ఇచ్చాను.

కావలసినవి: రెండడుగుల వెదురు బద్దలు పది, జానెడు కన్నా కొంచెం చిన్న పుల్లలు ఐదు, దారం, గాలిపటాల రంగు కాగితం, రెండు చెంచాల మైదా, హోల్డరుతో చిన్న ఎల్ఈడీ బల్బు.

ఐదు బద్దలను నేల మీద ఐదు మూలల చుక్క ఆకారంలో పరచండి. కొసలు దారంతో గట్టిగా కట్టండి. మధ్యలో బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు ఐదు ఉంటాయి, అక్కడ కూడా ఒక చుట్టు వేయండి. ఇలాంటిదే ఇంకొకటి చేయండి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ కలిపి కట్టేయండి. ఇప్పుడు లోపలి ఐదు చోట్లా చిన్న పుల్లలు నిలబెట్టి, రెండు చట్రాలను ఎడం చేయండి. పుల్ల రెండు కొసలకూ గాటు పెట్టుకుంటే జారదు. చదునుగా ఉన్నది అప్పటికప్పుడు ఉబ్బి నక్షత్రం అవుతుంది, పిల్లలు కేక పెట్టేది అక్కడే.

మైదాను నీళ్లలో కలిపి సన్నమంట మీద జిగురొచ్చేదాకా ఉడికించండి. కాగితాన్ని ఒక్కో ముక్కే కత్తిరించి అంటించండి, మొత్తం షీటు ఒకేసారి చుడితే ముడతలు పడుతుంది. బల్బు పెట్టడానికి వెనక ఒక ముక్క అంటించకుండా వదిలేయండి.

హెచ్చరిక: పాతకాలం పిలమెంటు బల్బు వద్దు. వేడికి కాగితం మాడుతుంది, అంటుకుంటుంది కూడా. కొవ్వొత్తి అసలే వద్దు. వైరు అతుకుల దగ్గర టేపు చుట్టండి, డిసెంబరు మంచుకు తడుస్తుంది.

చూసుకోవడం: చీకటి పడ్డాక లైటు వేసి వీధిలోంచి చూడండి. ఒక రెక్కలో నల్లగా పుల్ల నీడ పడితే బల్బును ఇంకొంచెం మధ్యకు జరపండి. ఒక కొస వాలితే ఆ మూల పుల్ల పొట్టిదని, మార్చండి.

వెదురు దొరకకపోతే చీపురు పుల్లలు మూడేసి కలిపి కట్టి చిన్న నక్షత్రం చేయవచ్చు. కరెంటు లేకపోతే వెండి రంగు కాగితం వాడండి, పగలు మెరుస్తుంది.

5. బట్టలు, వంట

బట్టలు పిల్లలకు మాత్రమే. పెద్దవాళ్లు ఉన్నవాటిలో మంచివి ఉతికి ఇస్త్రీ చేసుకోండి. పాత పట్టుచీరతో పిల్లకు లంగా కుట్టించడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. కుట్టుకూలి ఎంతో ముందే అడగండి, ఒక్కోసారి రెడీమేడ్ కన్నా ఎక్కువ పడుతుంది.

బిర్యానీ బదులు బగారా అన్నం, కోడికూర పులుసుగా. కిలో మాంసం ఎనిమిది మందికి వస్తుంది. పిండివంటల్లో ఒక్కటి ఎంచుకోండి. గులాబీ పువ్వులైతే తక్కువ పిండితో డబ్బా నిండుతుంది. గుత్తి లేకపోతే పక్కింటి వదినను అడగండి, నూనె ఇద్దరూ కలిసి పెట్టుకుంటే సగం ఖర్చు, రెట్టింపు కబుర్లు. కేకు గుడిలో ఎలాగూ పంచుతారు, కొనక్కర్లేదు. ఇంటికి సున్నం వచ్చే ఏడు వేసుకోవచ్చు.

6. గుడికి వెళ్లండి, కానుక గురించి భయపడకండి

కొత్త బట్టల్లేవని 25 తెల్లవారి ఆరాధనకు రాకుండా ఉండిపోయేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వెనక వరసలో కూర్చుని, ప్రార్థన అయ్యీ కాకముందే వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. ఇది పోవాలంటే ముందే ఒక పని ఒప్పుకోండి. పందిరి కట్టడం, చాపలు పరచడం, ప్రేమ విందుకు ఉల్లిపాయలు కోయడం. పని చేతిలో ఉన్నవాణ్ణి "బట్టలు కొనలేదా" అని అడిగే మనిషి ఇంతవరకు నాకు కనిపించలేదు.

కానుక గురించి పౌలు కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరం 8వ అధ్యాయం 12వ వచనం చదవండి. ఉన్నదాన్ని బట్టే అంగీకరిస్తారు, లేనిదాన్ని బట్టి కాదు అంటాడు. మీ పంపకంలో కానుకకు ఎంత రాశారో అంతే వేయండి. సున్నా అయితే కానుక సంచి వచ్చినప్పుడు తలదించుకోకుండా పక్కవాళ్లకు అందించండి. కవరు మీద పేరు రాసి, మొత్తం చదివే సంఘమైతే పేరు లేని కవరు వేయండి.

ఇప్పుడు కొంచెం కటువుగానే చెప్తాను. "అప్పు చేసైనా విత్తండి, దేవుడు నూరంతలు తిరిగి ఇస్తాడు" అనే మాట డిసెంబరులో ఫోన్లో, టీవీలో, సభల్లో గట్టిగా వినిపిస్తుంది. వినకండి. ఉన్నదంతా కానుకగా వేసేసిన బీద విధవరాలి రెండు కాసుల కథ చెప్పి అడుగుతారు. ఆ కథ మార్కు 12లో ఉంది. దానికి ముందు 40వ వచనం కూడా చదవమనండి. విధవరాళ్ల ఇళ్లు మింగేసేవాళ్లను ప్రభువు తిట్టింది అక్కడే. అప్పు తెచ్చి వేసిన కానుక వడ్డీవ్యాపారికి ఇచ్చిన కానుక.

7. సహాయం అడగండి, తీసుకోండి

ఎవరిని అడగాలి? మొదట పాస్టరుగారినో, వారి భార్య అమ్మగారినో విడిగా కలవండి, ఆరాధన తర్వాత గుమిగూడినప్పుడు వద్దు. సంఘంలో చెప్పలేకపోతే వేరే ఊళ్లో ఉన్న అన్నకో, మేనమామకో ఫోన్ చేయండి. "కష్టంగా ఉందండీ" అని ఆగిపోతే అవతలివాళ్లు "ప్రార్థన చేస్తాం" అంటారు, అక్కడితో సరి. వస్తువు పేరు చెప్పండి. "అమ్మగారూ, పదికిలోల బియ్యం కావాలండీ, జనవరి దాకా గడుస్తుంది." ఇలా అడిగితే ఇచ్చేవాళ్లకూ సులువు.

దుప్పట్లు, సరుకులు పంచే బృందాలు ఫొటో తీస్తాయి. మీకు ఇష్టం లేకపోతే "ఫొటో వద్దండి, పిల్లలు స్కూల్లో ఇబ్బంది పడతారు" అనండి. మంచివాళ్లయితే ఫోన్ జేబులో పెట్టుకుంటారు. ఇచ్చే స్థానంలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు కూడా ఇదే మాట.

తీసుకోవడం నామోషీ అనుకునేవాళ్లకు మన సంఘాల చరిత్ర గుర్తుచేస్తాను. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ పనులు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మెదక్ కథ కూడా కరువు కథే. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని, తిండి చూపించడానికి కట్టించిన గుడి అది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఇవాళ క్రిస్మస్ తెల్లవారుజామున వేలమంది వెళ్లి నిలబడేది కరువులో కూలి తీసుకున్న చేతులు కట్టిన గోడల మధ్యే.

8. మీరు కూడా ఏదో ఒకటి ఇవ్వండి

తీసుకోవడం ఒక్కటే మిగిలితే మనిషి లోపల కుంగిపోతాడు. ఆ ఏడు చావు జరిగిన ఇంట్లో పండుగ చేసుకోరు, అక్కడికి ఎవరూ వెళ్లరు కూడా. మీరు వెళ్లండి, నాలుగు గులాబీ పువ్వులు డబ్బాలో పెట్టుకుని. చదువురాని పెద్దావిడకు లూకా రెండో అధ్యాయం చదివి వినిపించండి. పక్కింటివాళ్లు ఊరెళ్తే కోళ్లకు మేత వేయండి.

అర్ధరాత్రి క్యారల్స్ వాళ్లు వస్తారని లైట్లు ఆర్పేసి నిద్ర నటించడం మామూలే. కవరు ఇవ్వలేమని భయం. లైటు వేయండి, తలుపు తీయండి. "బాబూ, ఈసారి అల్లం టీ ఒక్కటే" అని ముందే చెప్పేయండి. చలిలో ఇరవై ఇళ్లు తిరిగొచ్చిన కుర్రాళ్లకు ఆ టీయే గుర్తుంటుంది.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

వాట్సాప్ స్టేటస్‌లు. డిసెంబరు 20 నుంచి 26 దాకా చూడకండి, అంతే. అందరి ఇళ్లలోనూ లైట్లు, చీరలే కనిపిస్తాయి, వాటి వాయిదాలు కనిపించవు.

"ఊళ్లో ఉండకుండా పుట్టింటికి వెళ్లిపోదాం" అనుకోవడం. బస్సు చార్జీలు, అక్కడ పిల్లలకు పట్టుకెళ్లేవి కలిపితే ఇక్కడ ఉండటమే చవక. అత్తగారింట్లో లెక్కలు ఇంకా కష్టం.

బాధను మందులో ముంచడం. పండుగ సొమ్ములో ఎవరూ రాయని ఖర్చు ఇదే, మొదట ఖర్చయ్యేదీ ఇదే. ఇంటి మగవాళ్లకు 24 సాయంత్రం నుంచి గుడి పని ఏదో ఒకటి అప్పగించమని సంఘపెద్దలకు చెప్పి ఉంచండి.

సరిగ్గా జరిగిందా అని ఎలా చూసుకోవాలి

26వ తేదీ సాయంత్రం నోటు పుస్తకం తీయండి. ఖర్చు అంకె దాటిందా? వంద, రెండొందలు దాటితే పరవాలేదు, ఎందులో దాటిందో రాసి పెట్టండి. కొత్త అప్పు ఉందా? లేకపోతే సగం గెలిచినట్టే. పిల్లల్ని "పండుగలో ఏది బాగుంది?" అని అడగండి, మీరు సూచించకండి. కొన్నవాటికన్నా చేసినవి చెప్తారని నా అనుభవం.

విశ్వాసం సంగతి ఎలా తెలుస్తుంది? మనసంతా ప్రశాంతంగా ఉందా అని కొలవకండి, అప్పులున్నవాడికి ప్రశాంతత ఒక్క నెలలో రాదు. దేవుడితో ఇంకా మాట్లాడుతున్నారా, గుడికి ఇంకా వెళ్తున్నారా, ఇంట్లో ఒకరితో ఒకరు నిజం చెప్పుకుంటున్నారా అని చూసుకోండి. కోపంగానే మాట్లాడుతున్నా సరే, మాట్లాడుతున్నారుగా. 25న పాడలేకపోతే జనవరి 6 వరకు చదువుతూ ఉండండి, జ్ఞానులను తలుచుకునే రోజు అది. వాళ్లు కూడా ఆలస్యంగానే వచ్చారు.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, "నేను లేకపోతే వీళ్లు బాగుంటారు" అనే ఆలోచన వచ్చినా అది మీ విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. ఆ రోజే ఎవరికైనా చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడితే ఒంటరిగా వదలకండి, "ప్రార్థన చేసుకో" అని సరిపెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

వచ్చే ఏటికి

జనవరి మొదటి వారం నుంచి వారానికి 50 చొప్పున మూతకు గాటు పెట్టిన డబ్బాలో వేయండి. 48 వారాలకు 2,400 అవుతుంది. 50 కుదరకపోతే 20, ఆగకుండా వేయడమే ముఖ్యం. డబ్బా ఇంట్లో ఉంటే చేయి ఆగదు అనుకుంటే పోస్టాఫీసులో నెలకు 100తో రికరింగ్ డిపాజిట్ తెరవచ్చు, కానీ దాని గడువు ఐదేళ్లు, ఏటా క్రిస్మస్‌కు తీసుకోవడానికి పనికిరాదు. అందుకని డ్వాక్రా సంఘంలో నమ్మకమైన నలుగురు కలిసి పండుగ పొదుపు విడిగా పెట్టుకోవడం మేలు. పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఇంకొకరి దగ్గర ఉండేలా చూసుకోండి. డిసెంబరు మొదటి ఆదివారం నలుగురి ఎదుటే లెక్కపెట్టి పంచుకోండి.